టైల్స్, కడప బండ, జంపఖానా, మిద్దె: మెకానమ్, ఓమ్ని చక్రాల ప్రాజెక్టు డైరీ

తిరుపతిలో ఒకే ఇంట్లో నాలుగు రకాల నేలలు కనిపించడం మామూలే. హాల్లో రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్, మెట్లకు గ్రానైట్, వరండాలో పాత కడప బండలు, మిద్దె మీద సిమెంటు. మూతి తిప్పకుండా ఎటైనా జరగగల రోబో ఈ నాలుగింటి మీదా ఒకేలా నడవాలన్నది ఈ ప్రాజెక్టు పని. వీడియోల్లో ఇలాంటి బండ్లు ఎప్పుడూ నున్నటి నేల మీదే తిరుగుతాయి. అక్కడ ఏ చక్రమైనా బాగానే ఉంటుంది.

రెండు బండ్లు కట్టాం. మొదటిది నాలుగు మెకానమ్ చక్రాలది. చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలులో రోలర్లు ఉంటాయి. స్వీడన్ ఇంజినీరు బెంగ్ట్ ఇలాన్ 1970ల మొదట్లో రూపొందించిన చక్రమే ఇది. రెండోది మూడు ఓమ్ని చక్రాలది. ఇందులో రోలర్లు చక్రానికి నేరుగా అడ్డంగా తిరుగుతాయి. చక్రాలను 120 డిగ్రీల దూరంలో పెట్టాలి.

డిసెంబరు: బండి కట్టడం

మెకానమ్ బండి కొలతలు: చక్రం వ్యాసం 100 మి.మీ., ఒక్కో చక్రానికి 9 రోలర్లు, రోలర్ మధ్యలో మందం 20 మి.మీ. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 260 మి.మీ., ఎడమ కుడి చక్రాల మధ్య 300 మి.మీ. బ్యాటరీతో కలిపి బరువు 4.2 కిలోలు. అడుగు పలక 12 మి.మీ. ప్లైవుడ్. యాక్రిలిక్ చూడ్డానికి బాగుంటుంది కానీ మోటార్ బ్రాకెట్ బోల్టుల దగ్గర పగుళ్ళిస్తుంది.

మోటార్లు 37 మి.మీ. రకం, 12 వోల్టులు, గేరు 56:1, లోడు లేకుండా 178 ఆర్‌పీఎం. అంటే సెకనుకు 0.93 మీటర్లు. ఇదే మోటార్ 30:1 గేరుతో 333 ఆర్‌పీఎం ఇస్తుంది, వేగం చూసి చాలామంది అదే కొంటారు. పక్కకు జరిగేటప్పుడు రోలర్ల రాపిడి అంతా మోటార్ మీదే పడుతుంది కాబట్టి ఇక్కడ కావలసింది టార్కు, అంటే తిప్పే బలం. ఈ బండికి సెకనుకు అర మీటరు మించి అవసరం లేదు.

మోటార్ వెనక హాల్ ఎన్‌కోడర్, అంటే అయస్కాంతంతో చుట్లు లెక్కపెట్టే సెన్సర్, మోటార్ చుట్టుకు 11 పల్సులు ఇస్తుంది. రెండు చానెళ్ళ అంచులన్నీ లెక్కపెడితే చక్రం ఒక చుట్టుకు 11 × 4 × 56 = 2464 కౌంట్లు. చక్రం చుట్టుకొలత 314 మి.మీ. కాబట్టి ఒక్కో కౌంటు 0.127 మి.మీ. నాలుగు ఎన్‌కోడర్లను ఆర్డునో మెగా కంట్రోలర్ బోర్డుతో చదవాలంటే పల్సు రాగానే పట్టుకునే ఇంటరప్ట్ పిన్నులు ఆరే ఉన్నాయి, అందులో రెండు సెన్సర్లను కలిపే ఐ2సీ పిన్నులు. బండి తిరుగుడు కొలిచే జైరో పెడితే మిగిలేవి నాలుగు, అంటే చక్రానికి ఒక్క చానెలే. ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డులో పల్సు లెక్కించే హార్డ్‌వేర్ యూనిట్లు ఎనిమిది ఉన్నాయి కాబట్టి అదే వాడాం. ఎన్‌కోడర్‌కు 3.3 వోల్టులే ఇవ్వాలి. 5 వోల్టులిస్తే ఆ సిగ్నల్ నేరుగా ఈఎస్‌పీ32 పిన్ను మీద పడుతుంది.

మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు విషయంలో ఎల్298ఎన్ జోలికి పోవద్దు. 1 ఆంపియర్ దగ్గరే సుమారు 2 వోల్టులు అదే తినేస్తుంది, పక్కకు జరిగేటప్పుడు కావలసిన బలం వేడి రూపంలో పోతుంది. 10 ఆంపియర్ల మాస్‌ఫెట్ డ్రైవర్లు, ఒక్కోటి రెండు మోటార్లకు, రెండు బోర్డులు పెట్టాం. బ్యాటరీ మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్), 2200 ఎంఏహెచ్. కరెంటు చూడటానికి 20 ఆంపియర్ల ఏసీఎస్712 సెన్సర్, దాని అవుట్‌పుట్ వోల్టేజీ తగ్గించడానికి 10 కిలో ఓమ్, 20 కిలో ఓమ్ రెసిస్టర్లతో డివైడర్. దిశకు బీఎన్‌ఓ055 అనే జైరో సెన్సర్. దాన్ని మాగ్నెటోమీటర్ ఆపిన మోడ్‌లోనే వాడాలి, పక్కనే నాలుగు మోటార్ల అయస్కాంతాలున్నాయి.

చక్రాలు బిగించడంలో ఒక సంగతి. ఎడమ వాలు చక్రాలు రెండు, కుడి వాలు చక్రాలు రెండు వస్తాయి. పైనుంచి చూస్తే నాలుగింటి రోలర్లూ కలిసి గుణకారం గుర్తులా, బండి మధ్యకు వాలినట్టు కనపడాలి. తిరగేసి పెడితే ముందుకూ పక్కకూ బాగానే వెళ్తుంది కానీ ఉన్నచోట తిరగమంటే తిరగదు, లేదా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. చక్రాల బలాలన్నీ బండి మధ్యగా పోతే తిప్పే బలం మిగలదు మరి. మొదటి పరీక్ష ఎప్పుడూ ముందుకు కాదు, ఉన్నచోట తిరగడమే చేయాలి.

చక్రాన్ని మోటార్‌కు బిగించే కప్లింగ్ గ్రబ్ స్క్రూలకు నీలి రకం లాక్‌టైట్ జిగురు తప్పనిసరి. మెకానమ్ చక్రం నున్నటి నేల మీద కూడా వణుకుతుంది. ఒక రోలర్ దిగి ఇంకో రోలర్ ఎక్కే వణుకు అది. సెకనుకు 0.3 మీటర్ల దగ్గర చక్రం 0.955 చుట్లు తిరుగుతుంది, తొమ్మిది రోలర్లకు సెకనుకు 8.6 సార్లు. ఏ స్క్రూ అయినా దానికి వదులవుతుంది.

లెక్క: ముందుకు వేగం, కుడికి వేగం, సవ్యదిశలో తిరిగే వేగం మూడూ ప్లస్ అనుకుంటే,
ముందు ఎడమ = ముందుకు + కుడికి + 0.28 × తిరుగుడు
ముందు కుడి = ముందుకు − కుడికి − 0.28 × తిరుగుడు
వెనక ఎడమ = ముందుకు − కుడికి + 0.28 × తిరుగుడు
వెనక కుడి = ముందుకు + కుడికి − 0.28 × తిరుగుడు
వచ్చినదాన్ని చక్రం వ్యాసార్ధం 0.05తో భాగిస్తే సెకనుకు రేడియన్లు. 0.28 అంటే 130, 150 మి.మీ.ల మొత్తం మీటర్లలో. చెప్పిన వేగానికీ వచ్చిన వేగానికీ తేడా చూసి సరిచేసే పీఐడీ లెక్క సెకనుకు 100 సార్లు నడుస్తుంది. 0.3 మీటర్ల వేగంలో ప్రతిసారీ 23 కౌంట్లు చేతికొస్తాయి, అది చాలు. 0.05 మీటర్లకు తగ్గిస్తే నాలుగే వస్తాయి, అప్పుడు 50 సార్లకు తగ్గించాలి. లేకపోతే మోటార్ గురగురమంటుంది.

డిసెంబరు చివర: కొలిచే పద్ధతి

నేల పట్టు కొలవడానికి సామాన్లు తూచే చేతి తూకం చాలు. మోటార్ల రెండు తీగలూ కలిపి బ్రేకు వేసి, బండిని ముందుకు నెమ్మదిగా లాగాలి. జారడం మొదలయ్యేచోట తూకం ఎంత చూపిందో దాన్ని బండి బరువుతో భాగించాలి. మెకానమ్‌లో ఒక చిన్న మెలిక. రోలర్ తన ఇరుసు పొడవునా మాత్రమే పట్టు ఇస్తుంది, అడ్డంగా దొర్లిపోతుంది. అందుకే ముందుకు లాగితే వచ్చేది అసలు ఘర్షణలో 0.707 వంతు. అదే రబ్బరుతో మామూలు చక్రం చేస్తే పట్టు ఇంతకంటే 41 శాతం ఎక్కువ. మెకానమ్ బండి బరువు లాగలేదని అనేవాళ్ళు చెప్పేది ఇదే. మోటార్ టార్కు మాత్రం ఎక్కడికీ పోదు, పోయేది నేల పట్టు.

ఆ నిష్పత్తిని 9.8తో గుణిస్తే జారకుండా అందుకోగల గరిష్ఠ త్వరణం. పక్కకు జరిగేటప్పుడు అందులో సగం దాటనివ్వకూడదు.

దూరానికి తాపీ మేస్త్రీల నూలు, స్టీలు టేపు. బండి మధ్య నుంచి దారానికి వేలాడే చిన్న ఇత్తడి గుండు, దాని మొన ఎక్కడుందో నేల మీద సుద్దతో గుర్తు. మీటరు ముందుకు, మీటరు వెనక్కి, మీటరు కుడికి, మీటరు ఎడమకు, అక్కడే పది చుట్లు. ఇదే వరస ప్రతి నేల మీదా, బ్యాటరీ 12 వోల్టుల పైనున్నప్పుడే. సగటు ఎంత తగ్గిందన్నది పెద్ద విషయం కాదు, ఒక సంఖ్యతో గుణించి సరిచేయొచ్చు. ఒకే ఆదేశానికి ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే మాత్రం ఏ సంఖ్యా పనికిరాదు. కాబట్టి ఈ డైరీలో నేల బాగుందంటే సగటు బాగుందని కాదు, చెదరడం తక్కువని.

జనవరి: టైల్స్, గ్రానైట్, ముగ్గు పిండి

విట్రిఫైడ్ టైల్స్ మీద ముందుకు వెళ్ళే మీటరు మీటరే. పక్కకు మీటరు చెప్తే 95 సెం.మీ. దగ్గర ఆగుతోంది, కానీ ప్రతిసారీ అక్కడే. పక్క దూరానికి గుణకం 1.05 పెడితే సరిపోయింది. గ్రానైట్ మీద దాదాపు ఇంతే. పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ జారుతుందని అందరూ అనుకుంటారు కానీ పొడిగా, శుభ్రంగా ఉంటే రబ్బరు రోలర్‌కు బాగానే అంటుకుంటుంది. జారేది రాయి మీదున్న పొర వల్ల. ఫినాయిల్ నీళ్ళతో తుడిచిన నేల చూపుకు ఆరినట్టున్నా సన్నటి పొర మిగులుతుంది. ఒకసారి వట్టి నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొలవాలి.

శుభ్రమైన టైల్ మీద తూకం 1.8 కిలోల దగ్గర జారింది. 1.8 ÷ 4.2 = 0.43. దాన్ని 0.707తో భాగిస్తే ఘర్షణ గుణకం 0.61.

ధనుర్మాసం కాబట్టి గడప ముందు ముగ్గు రోజూ ఉంటుంది. కాళ్ళతో ఆ పిండి హాల్లోకి వస్తుంది. రెండు మూడు గీతల మీదుగా బండి పోతే చాలు, రోలర్లన్నీ తెల్లబడతాయి, తూకం సగానికి పడిపోతుంది. ఆ తర్వాత శుభ్రమైన టైల్ మీదకు వచ్చినా పట్టు వెంటనే తిరిగి రాదు, రోలర్ మీదే పొడి ఉంది. త్వరణం సెకనుకు సెకనుకు 0.8 మీటర్లకు కట్టేస్తే మామూలు ప్రయాణంలో ఇబ్బంది లేదు, గట్టిగా బ్రేకు వేస్తేనే తెలుస్తుంది.

పిండితో అసలు నష్టం రోలర్ లోపల. ఈ ధరలో దొరికే చక్రాల్లో రోలర్‌కు బేరింగు ఉండదు, స్టీలు పిన్ను మీద ప్లాస్టిక్ బుష్ నేరుగా తిరుగుతుంది. పొడి అందులోకి దూరితే ఆ రోలర్ బిగుస్తుంది. ఒక్క రోలర్ బిగిసినా పక్కకు వెళ్ళేటప్పుడు చక్రం చుట్టుకొకసారి బండి మూతి చిన్నగా కొట్టుకుంటుంది. ఏ చక్రమో తెలియాలంటే బండి తిరగేసి ఒక్కో రోలర్‌ను గోటితో తిప్పి చూడాలి. మిగతావి ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగితే, చెడింది వేలు తీయగానే ఆగిపోతుంది.

కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామనిపిస్తుంది, వేయకూడదు. నూనె, రాతిపొడి కలిస్తే సానపట్టే ముద్ద అవుతుంది. పైగా అది రబ్బరు మీదకు పాకితే టైల్ మీద పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్, గాలి బుడ్డి, చివరకు తడి గుడ్డ. తల వెంట్రుకలు వేరే సమస్య. పిన్ను చివర చుట్టుకుని ప్లేటుకీ రోలర్‌కీ మధ్య ఇరుక్కుంటాయి. సన్న బ్లేడుతో కోసి పట్టకారుతో లాగాలి. వారానికొకసారి చూడకపోతే రోలర్ పక్కకు జరిగి ప్లేటుకు రాసుకుంటుంది.

టైల్ జాయింట్లు 2, 3 మి.మీ., గ్రౌట్ నిండుగా ఉంటే ఏ చక్రానికీ లెక్కలోకి రావు. గ్రౌట్ ఊడిపోయినచోట ఓమ్ని బండి టక్‌మంటుంది. ఎందుకన్నది వరండాలోకి వెళ్తే బాగా అర్థమవుతుంది.

ఫిబ్రవరి: కడప బండలు

కడప బండల వరండాలో జాయింట్లు 6 నుంచి 8 మి.మీ., చాలాచోట్ల సిమెంటు రాలిపోయి బోలుగా ఉంది. ఒక బండకీ పక్క బండకీ ఎత్తు తేడా 1 నుంచి 3 మి.మీ. రసమట్టం పెడితే ఏ బండా సరిగ్గా మట్టంలో లేదు. ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం ఇక్కడే పోయింది.

ముందు ఓమ్ని బండి. చక్రం వ్యాసం 58 మి.మీ., రెండు వరసల రోలర్లు, రోలర్ మందం 12 మి.మీ. ముందుకు దొర్లేటప్పుడు నేలకు తగిలేది 29 మి.మీ. వ్యాసార్ధమున్న చక్రం. పక్కకు జారేటప్పుడు తగిలేది 6 మి.మీ. వ్యాసార్ధమున్న రోలర్. ఒకే చక్రం, కానీ నేలకు సంబంధించినంత వరకు రెండు వేర్వేరు చక్రాలు. కొనేటప్పుడు అందరూ 58 అనే అంకె చూస్తారు. బండి ఆగిపోయేది 12 అనే అంకె దగ్గర.

లెక్క వేస్తే కళ్ళకు కడుతుంది. 6 మి.మీ. జాయింటులో ఆ రోలర్ 0.8 మి.మీ. దిగుతుంది. బయటికి రావాలంటే ఆ చక్రం మీదున్న బరువులో 58 శాతం బలంతో తోయాలి. జాయింటు 8 మి.మీ. అయితే దిగేది 1.5 మి.మీ., కావలసిన బలం 89 శాతం. అదే 8 మి.మీ. జాయింటును చక్రం ముందుకు దొర్లుతూ దాటితే దిగేది 0.28 మి.మీ., బలం 14 శాతం. ఎత్తు తేడా ఇంకా కఠినం: 1 మి.మీ. మెట్టును రోలర్ ఎక్కాలంటే బరువులో 66 శాతం, 2 మి.మీ. అయితే బరువుకంటే ఎక్కువ, 112 శాతం. నేల పట్టే 60 శాతం చుట్టూ ఉన్నప్పుడు మిగతా రెండు చక్రాలు ఎంత తోసినా అది ఎక్కదు. మోటార్ పెద్దది పెట్టినా ఎక్కదు, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

ఓమ్ని బండికి దీని మందు దారి ఎంపికే. మూడు చక్రాల్లో ఏ ఒక్కదాని ఇరుసు దిశలోనూ జాయింటు దాటకూడదు. అంటే ఏ చక్రమూ పూర్తిగా రోలర్ మీదే జాయింటులోకి దిగకూడదు. దిశ 30 డిగ్రీలు తిప్పి దాటిస్తే ప్రతి చక్రం కొంతైనా దొర్లుతూ వస్తుంది. మొత్తం నేలంతా బండలే అయితే ఈ బండి వద్దు.

రెండు వరసల ఓమ్ని చక్రానికి ఇంకో గుణం ఉంది. నేలకు తగిలే చోటు లోపలి వరస నుంచి బయటి వరసకూ మళ్ళీ లోపలికీ మారుతూ ఉంటుంది. బండి మధ్య నుంచి చక్రం దూరం అందుకు తగ్గట్టు మారి, తిరిగే వేగం చిన్నగా ఊగుతుంది. నున్నటి నేల మీద కూడా ఇది ఉంటుంది, జైరోలో కనిపిస్తుంది. చెడిపోయిందనుకుని పీఐడీ సంఖ్యలు మార్చే పని పెట్టుకోవద్దు.

మెకానమ్ కథ వేరు, చాలామంది ఊహించేదానికి భిన్నం. రోలర్ వాలుగా ఉంది కాబట్టి ముందుకు వెళ్ళేటప్పుడు వచ్చే అడ్డు జాయింటునైనా, పక్కకు వెళ్ళేటప్పుడు వచ్చే నిలువు జాయింటునైనా అది 45 డిగ్రీల్లో దాటుతుంది. రోలర్ పొడవు రెండు అంచుల మీదా ఆనుకుంటుంది, లోపలికి దిగదు. పక్కకు వెళ్ళేటప్పుడు కూడా జాయింటుకు అది దాదాపు 50 మి.మీ. వ్యాసార్ధమున్న చక్రంలాగే అనిపిస్తుంది. దెబ్బ తగిలేది మూలవాటు ప్రయాణంలో. బండిని బండల వరసకు 45 డిగ్రీల్లో నిలబెడితే రెండు చక్రాల రోలర్లు సరిగ్గా జాయింటు వెంబడి పడుకుంటాయి. అప్పుడు నేలకు తగిలేది 10 మి.మీ. వ్యాసార్ధపు రోలర్. 8 మి.మీ. జాయింటులో 0.83 మి.మీ. దిగుతుంది. ఓమ్నికి ఏ దిశ చెడ్డదో మెకానమ్‌కు అది మంచిది, మెకానమ్‌కు చెడ్డది ఓమ్నికి పరవాలేదు. వరండాలో దారి గీసే ప్రోగ్రాములో ఇప్పుడు ఒకే నియమం: మెకానమ్ బండి మూతి ఎప్పుడూ బండల అంచుకు సమాంతరంగానో అడ్డంగానో ఉండాలి, మూలవాటు కదలిక నిషేధం.

ఎత్తు తేడాలో మాత్రం మెకానమ్‌కూ హద్దుంది. 1 మి.మీ. వరకు తెలియనే తెలియదు. 2 దాటితే తగిలేచోటు రోలర్ చివరకు జరుగుతుంది, ఆపైన రోలర్ పట్టుకున్న ప్లేటు అంచు రాతికి కొట్టుకుంటుంది. కొట్టుకున్న చప్పుడు వేరుగా, లోహం గీసినట్టు వస్తుంది. అది వినపడితే అక్కడ వేగం తగ్గించి లాభం లేదు, దారి మార్చాలి. రోలర్‌ను మధ్యలో పట్టుకునే రకం చక్రాలున్నాయి, వాటికి పక్క ప్లేటు ఉండదు కాబట్టి గరుకు నేలకు అవే నయం.

అసలు తలనొప్పి జాయింట్లు కాదు, నాలుగో చక్రం గాల్లోకి లేవడం. మూడు కాళ్ళ పీట ఎక్కడైనా కుదురుకుంటుంది, నాలుగు చక్రాల బిగుసు పలక కుదురుకోదు. మామూలు బండికి ఒక చక్రం లేస్తే పెద్ద తేడా రాదు. మెకానమ్ పక్కకు జరగడమంటే నాలుగు చక్రాల బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలిన దానితో కదలడం. ఒకటి లేస్తే ఆ లెక్క తప్పి బండి తిరుగుతూ పక్కకు పోతుంది.

లేచిన చక్రాన్ని ఎన్‌కోడర్‌తో పట్టుకోలేం. నాలుగు చక్రాల్లో ముందు రెండింటి మొత్తం, వెనక రెండింటి మొత్తం సమానంగా ఉండాలి, తేడా వస్తే జారినట్టు అని చెప్పే సూత్రం ఉంది, సూత్రం నిజమే. కానీ పీఐడీ ప్రతి చక్రాన్నీ చెప్పిన వేగంలోనే ఉంచుతుంది, గాల్లో ఉన్నదాన్ని కూడా. తేడా సున్నా చూపిస్తుంది, బండి మాత్రం వంకరగా పోతూ ఉంటుంది. చూడాల్సింది పీడబ్ల్యూఎం, అంటే మోటార్‌కు కరెంటును ఆపి ఆపి ఇచ్చే పద్ధతి. అందులో కరెంటు ఇచ్చే వంతే డ్యూటీ. అదే వేగానికి మిగతా మూడింటికంటే బాగా తక్కువ డ్యూటీ తీసుకుంటున్న చక్రం నేలకు ఆనడం లేదు. నాలుగు డ్యూటీ విలువలను సెకనుకు పదిసార్లు మెమరీ కార్డులో రాస్తే ఏ బండ దగ్గర ఏ చక్రం లేచిందో పటంలా వస్తుంది.

నిలబడి ఉన్నప్పుడే తెలుసుకోవాలంటే వంటింటి తూకం. ఒక చక్రం తూకం మీద, మిగతా మూడు అంతే ఎత్తు చెక్కముక్కల మీద. నాలుగూ విడివిడిగా తూచి, ఎదురు మూలల మొత్తాలు పోల్చాలి. బ్యాటరీ అటూ ఇటూ జరిపితే ముందు వెనకలు మారతాయి, మూలల తేడా మారదు. దానికి మోటార్ బ్రాకెట్ కింద వాషరు పెట్టాల్సిందే.

ఎగుడుదిగుడుకు పరిష్కారం ముందు ఇరుసును ఊగనివ్వడం. ముందు రెండు మోటార్లను వేరే చిన్న పలక మీదకు మార్చి, దాని మధ్యలో ముందు వెనకలుగా 8 మి.మీ. బోల్టు, దానికి రెండు 608 బేరింగులు. ఈ బేరింగు బయటి వ్యాసం 22 మి.మీ., 22 మి.మీ. హోల్‌సాతో చెక్కలో రంధ్రం చేస్తే బిగువుగా కూర్చుంటుంది. రెండు బేరింగుల మధ్య కనీసం 40 మి.మీ. దూరం లేకపోతే పలక ముందుకు వెనక్కి కూడా ఆడుతుంది. ఊగుడు అటు ఇటు 3 డిగ్రీలకు ఆపాలి. చక్రం దగ్గర అది సుమారు 8 మి.మీ., బండలకు చాలినంత. ఆపడానికి సైకిల్ ట్యూబు ముక్కలు చాలు. ఇరుసు ఊగితే ఇక బండికి నిజమైన ఆనులు మూడే: వెనక రెండు చక్రాలు, ఆ బోల్టు. అందుకని బ్యాటరీని కిందికి, వెనక ఇరుసు వైపుకు జరపాలి.

పలుచని ప్లైవుడ్ వాడి పలకే మెలి తిరగనివ్వొచ్చు కదా అంటే, తిరుగుతుంది. దాంతో పాటు మోటార్ ఇరుసు కోణమూ మారుతుంది. చిన్న బండికి పనికొస్తుంది, 4 కిలోల బండికి వద్దు.

ఇరుసు ఊగడం మొదలయ్యాక వరండాలో పక్కకు మీటరుకు వంకర 10 డిగ్రీల దగ్గర నుంచి 2, 3 డిగ్రీలకు దిగింది. మిగిలింది జైరో సరిదిద్దుతుంది.

మార్చి: మెత్తటి నేలలు

జంపఖానా. ముందుకు వెనక్కి బాగానే వెళ్తుంది. కుడికి జరగమంటే ఎడమవైపు చక్రాల మధ్య బట్ట ముడతపడి గుట్టవుతుంది, కుడివైపు బట్ట లాగినట్టు బిగుసుకుంటుంది. ఎడమవైపు ముందు చక్రం ముందుకు, వెనక చక్రం వెనక్కి తిరుగుతాయి కాబట్టి రెండూ బట్టను మధ్యకు తోస్తాయి. కుడివైపు దానికి వ్యతిరేకం. బండి జరగాల్సిన బలం బట్ట జరపడానికే సరిపోతుంది. నాలుగు మూలలా బరువులు పెడితే చాలదు, ముడత మధ్యలో పడుతుంది. జంపఖానా మీద పక్క కదలిక పూర్తిగా మానేసి, మూతి అటు తిప్పి ముందుకు వెళ్ళడమే దారి.

కార్పెట్ నేలకు అతికించి ఉంటే ముడత ఉండదు. కానీ రోలర్ మెత్తదనంలోకి దిగుతుంది, సన్న రోలర్ కాబట్టి ఎక్కువ దిగుతుంది, ప్రతి అంగుళం గట్టు ఎక్కుతున్నట్టే. కరెంటు టైల్ మీద కంటే రెండింతలకు వెళ్ళింది. పక్కకు మీటరు చెప్తే 80 సెం.మీ. పైచిలుకు, అదీ దిశను బట్టి మారుతుంది. కార్పెట్ నూలుకు ఒక వాలు ఉంటుంది, చేత్తో రుద్దితే ఒకవైపు నున్నగా ఒకవైపు గరుకుగా తెలుస్తుంది. బండి నున్నటి వైపుకు కొట్టుకుపోతుంది. కాబట్టి కుడి గుణకం, ఎడమ గుణకం వేర్వేరుగా రాసుకోవాలి. బండిని 180 డిగ్రీలు తిప్పి కొలిస్తే కొట్టుకుపోవడం గదికి సంబంధించినదా, బండికి సంబంధించినదా తేలిపోతుంది. కొబ్బరిపీచు పట్టా మీద ప్రయత్నమే వద్దు, పీచు పిన్నులకు చుట్టుకుంటుంది.

పోటీల అరేనాల్లో ఎక్కువగా ప్లైవుడ్ మీద ఫ్లెక్స్ పరుస్తారు. అంచులకే టేపు వేస్తే ఇదీ జంపఖానాలాగే ముడతపడుతుంది. అడుగుకొక వరస చొప్పున అడుగున రెండు వైపులా అంటుకునే టేపు వేయించాలి. రెండు ప్లైవుడ్‌ల అతుకు దగ్గర ఎత్తు తేడా ఉంటుంది, అది కడప బండ లెక్కే.

ఏప్రిల్: మిద్దె

సిమెంటు గరుకుగా ఉంటుంది, పట్టు అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే, జాయింట్లు లేవు. వణుకు మాత్రం ఎక్కువ, రబ్బరు కనిపించేంతగా అరుగుతుంది. అరుగుదల రోలర్ మధ్యలో కాదు, చివర్లలో ముందు తెలుస్తుంది. ఇసుక రేణువులు రోలర్‌కీ ప్లేటుకీ మధ్య ఇరుక్కుని కీచుమంటాయి. ముందు చీపురుతో ఊడ్చి, తర్వాత బండి.

ఎండ ఎక్కాక నడపకూడదు. ఈ నెలలో తిరుపతిలో గాలే 40 డిగ్రీలు దాటుతుంది, నేల ఇంకా ఎక్కువ. లైపో సెల్ 60 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. ఎండలో కాలుతున్న నేలకు రెండు అంగుళాల పైన, మోటార్ డ్రైవర్ పక్కన ఉన్న బ్యాటరీకి ఆ హద్దు ఎంతో దూరం కాదు. పొద్దున్నే ఏడు లోపు పరీక్షలన్నీ ముగించాం.

ఇప్పటి స్థితి

ప్రోగ్రాములో నేల రకానికొక వరస ఉంది: పక్క గుణకం, త్వరణం హద్దు, మూలవాటు కదలికకు అనుమతి ఉందా లేదా. నేల ఏదో బండే కనిపెట్టాలనుకుని అడుగున కాంతితో కదలిక చదివే పీఏఏ5100 సెన్సర్ పెట్టాం. నేలకు 15 నుంచి 35 మి.మీ. ఎత్తులో ఉండాలి. కడప బండ, సిమెంటు మీద చక్కగా చదువుతోంది. మచ్చలేని నల్ల గ్రానైట్ మీద పట్టుకోవడానికి గుర్తులు లేక కౌంట్లు తగ్గిస్తోంది, దాని పక్కన దీపం పెట్టినా పెద్ద మార్పు లేదు. స్వేచ్ఛగా తిరిగే చిన్న ఓమ్ని చక్రాలతో దూరం కొలిచే పద్ధతి హాల్లో బాగుంటుంది, వరండాలో అది కూడా జాయింటులో పడుతుంది. కాబట్టి వరండాలో సెన్సర్, గ్రానైట్ మీద చక్రాల ఎన్‌కోడర్లు, రెండిటి మీదా దిశకు జైరో.

మిగిలింది గడప. హాలు నుంచి వరండాకు 20 మి.మీ. ఎత్తు. ఏ రోలరూ ఎక్కదు. పసుపు రాసే గడపకు మేకులు కొట్టం కాబట్టి రెండు వైపులా ఊరికే ఆనించే 250 మి.మీ. పొడవు ప్లైవుడ్ వాలు, వాలు 4.6 డిగ్రీలు. అడుగు పలకకీ నేలకీ మధ్య 25 మి.మీ. ఉంది కాబట్టి మధ్యలో తట్టదు. నేరుగా ఎదురుగా ఎక్కించాలి. వాలుగా వస్తే ఒక చక్రం ముందు లేస్తుంది, ఊగే ఇరుసుకున్న 8 మి.మీ. అక్కడితో అయిపోతుంది. వాలు మొదలయ్యే అంచును రెండు మి.మీ. కంటే పలుచగా చెక్కే పని ఉంది.